ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా

గుంటూరు,
22 జూన్ 1986

ఆదెయ్యగారికి,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే గారు తగిలించాను. గౌరవం అనుకోకండి.

మీ కార్డు అందింది. నలభై రోజులుగా ముట్టుకోలేదట, బసవమ్మనూ పాపనూ పంపించాలట. పన్నెండేళ్ళు తాగిన మనిషి నలభై రోజులకే బహుమతి అడుగుతున్నాడు! జనవరిలో ఏం జరిగిందో మీరు మరిచిపోయి ఉంటారు, తాగి ఉన్నారు కాబట్టి. నేను మరవలేదు. పత్తికి కొట్టే పురుగుమందు కొలిచిన గ్లాసుతోనే బిందెలో నీళ్ళు ముంచి కన్నకూతురికి ఇచ్చారు. ఐదేళ్ళ పిల్ల మూడు రోజులు సత్తెనపల్లి ఆసుపత్రిలో నురగలు కక్కింది. అక్క కట్టుబట్టలతో నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు యార్డు పక్క గోడౌనులో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చి, మంటకు తాళలేక చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంటుంది.

కాబట్టి నా షరతు ఇది. వచ్చే ఉగాది దాకా చుక్క ముట్టకండి. ఉగాదికి అక్కనూ పాపనూ నేనే తీసుకొచ్చి మీ గుమ్మంలో దించుతాను. ఈలోగా ఆ బుల్లయ్య ముఠాతో మాట్లాడకూడదు. సారా కొట్టు వీధిలో నడవకూడదు. పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళకూడదు, అక్కడా తాగుడే కదా. మా ప్రెస్సులో నేను కంపోజ్ చేసిన కరపత్రాలు కొన్ని పంపుతున్నాను. చదవండి. సంకల్పం ఉన్న మనిషికి ఇంకేమీ అక్కర్లేదు.

చెంచయ్య


చింతలపాలెం, వయా సత్తెనపల్లి,
10 ఆగస్టు 1986

చిరంజీవి చెంచయ్యకు ఆదెయ్య దీవించి రాసేది.

నీ షరతు సబబుగానే ఉంది. ఉగాది అన్నావు, ఉగాదే. గుర్తు లేదని నేను అనడానికి లేదు. ఆ గ్లాసు సంగతి గుర్తుంది. తాగినవాడికి అన్నీ మరుపొస్తాయని నీ కాగితాల్లో రాశారు, అది తప్పు.

బుల్లయ్యను కలవడం లేదు. కొట్టు వీధి వదిలేసి కాలవ కట్ట మీదుగా చుట్టు తిరిగి పొలం వెళ్తున్నాను. అయితే నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. పగలు ఊళ్ళో ఎవరి పని వాళ్ళదే. మనిషి మనిషితో మాట్లాడేది సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా. ఆ మూడు గంటలూ మగాళ్ళంతా కొట్టు ముందు బల్లల మీదే. ఎవరి చేలో ఏ పురుగు పడింది, రేపు ఎవరి ఎడ్లు ఖాళీ, కూలీలు ఎవరి చేలోకి వస్తారు, అన్నీ అక్కడే తేలతాయి. మొన్న పత్తి విత్తనానికి ఎడ్లు అడిగితే ఇమ్మానియేలు, "నిన్న సాయంత్రమే బుల్లయ్యకు మాటిచ్చేశానురా, నువ్వు కనపడితే గదా!" అన్నాడు. వాడి తప్పేం లేదు. నేను కనపడలేదు.

నీ కరపత్రాలు రెండుసార్లు చదివాను. తాగితే కార్జం చెడుతుందని ఉంది, కాపురం చెడుతుందని ఉంది. అన్నీ నిజమే. మానినవాడు ఆరింటికి ఎక్కడికి వెళ్ళి కూచోవాలో మటుకు ఎక్కడా లేదు. వెనక వైపు ఉందేమోనని తిప్పి చూశాను. అక్కడ మీ ప్రెస్సు పేరుంది.

బస్సు స్టేజీ దగ్గర కూచుంటున్నాను. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉంటారు గదా అని. నాలుగో రోజున కండక్టరు అడిగాడు, "ఏమయ్యా, ఎక్కవు, దిగవు, ఎవరి కోసం?" అని. మా ఇంటిది వస్తుందని చెప్పాను. అప్పట్నుంచి రోజూ బస్సు ఆపి, తల బయటికి పెట్టి, "ఇవాళ కూడా రాలేదయ్యా" అని చెప్పి పోతున్నాడు.

పాప అన్నం తింటోందా? రాయి.

ఆదెయ్య


గుంటూరు,
2 సెప్టెంబరు 1986

ఆదెయ్యగారికి,

మీకు కావలసింది మార్పా, కాలక్షేపమా? దేశంలో సగం జనం సారాకు బలైపోతుంటే సాయంత్రం పొద్దు పోవడం లేదని మీ బాధ! పొద్దు పోకపోతే చదవండి. చదవడం విసుగైతే నలుగురు కుర్రాళ్ళను పోగు చేసి చదివి వినిపించండి. మీరు తాగి చెడినవారు. మీ నోట వచ్చే మాటకు బలం ఉంటుంది. రెండు వందల కరపత్రాలు పార్సిలు చేస్తున్నాను. ఆ కొట్టు ముందే నిలబడి పంచండి. సిగ్గుపడితే మీరు మానలేదన్న మాటే.

పాప తింటోంది. నీళ్ళ గ్లాసు మటుకు ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిదే తాగదు. బళ్ళో పిల్లలు నవ్వుతారట. ఇది మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను.

అక్కకు చదువు రాదు కాబట్టి మీ ఉత్తరం అవసరమైన మేరకు చదివి వినిపించాను. బస్సు స్టేజీ సంగతి చదవలేదు. జాలి పుట్టించే రాతలు ఆమె ముందు చదవను.

చెంచయ్య


చింతలపాలెం,
24 నవంబరు 1986

చిరంజీవి చెంచయ్యకు,

పాప సంగతి చదివాక మూడు నెలలు కలం పట్టబుద్ధి కాలేదు. ఏమనుకోకు.

కరపత్రాలు పంచాను. బుల్లయ్య బల్లెక్కి బుర్రకథ చెప్పినట్టు చదివాడు. అందరూ "తందాన తాన" అన్నారు. ఎగతాళికి కాదు, వాళ్ళకి అదో సరదా. "ఒరేయ్ ఆదెయ్యా, ఇంత కష్టపడి మానడం దేనికిరా, వచ్చి ఊరికే కూచో, తాగమని ఎవడన్నాడు?" అన్నాడు వాడు. కాళ్ళు అటే లాగాయి చెంచయ్యా. కూచోలేదు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. గోడలతో ఎంతసేపని మాట్లాడతాను?

ఇప్పుడు మంచి మాట. మన బళ్ళో పనిచేసి రిటైరైన జానకిరామయ్య మాస్టారు అయ్యప్ప గురుస్వామి. కార్తీకంలో స్వాములకు వంట చేసే గుండిగ దించడానికి ఒక చెయ్యి తక్కువైందని దారినపోతున్న నన్ను పిలిచారు. దించాను. "తిని వెళ్ళు" అన్నారు. మర్నాడు కూడా వెళ్ళాను. నవంబరు పదిహేడున మాల వేయించుకున్నాను. నలభై ఒక్క రోజుల దీక్ష. నల్లబట్టలు, కటిక నేల, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం. ఇవన్నీ ఒకెత్తు. సాయంత్రం ఆరింటికి భజన మొదలు, తొమ్మిదింటికి హారతి. అదింకొకెత్తు. నా గొంతు నీకు తెలుసుగా, దున్నపోతు గొంతు. "స్వామీ, మీరు తాళం పట్టుకోండి" అని నా చేతికి తాళాలిచ్చారు.

బుల్లయ్య కూడా ఎదురైతే పక్కకు తప్పుకుని "స్వామి శరణం" అంటున్నాడు. ఇమ్మానియేలు ఎడ్లు ఇస్తానని తనే వచ్చి చెప్పాడు. ఎన్నాళ్ళకో నన్ను మళ్ళీ మనుషులు పిలుస్తున్నారు. బసవమ్మకు చెప్పు.

ఆదెయ్య


గుంటూరు,
30 నవంబరు 1986

ఆదెయ్యా,

నీకు గారు కూడా దండగ. నేను సంకల్పం నేర్చుకోమంటే నువ్వు పూసలు మెళ్ళో వేసుకున్నావు! ఈ జిల్లాలో ప్రతి తాగుబోతూ చేసే పనే ఇది. నలభై ఒక్క రోజులు స్వామి, నలభై రెండో రోజు సామి రంగా! కొండ నుంచి వచ్చిన బస్సు దిగడం, మాల తీయడం, బ్రాందీ షాపుకు పరుగెత్తడం. ఈ ఊళ్ళో నా కళ్ళారా చూశాను. నువ్వు తాగుడు మానలేదు. మాలకు జడిసి ఆగావు. జడిసిన గొడ్డు కూడా ఆగుతుంది.

విను. ఆ మాల ఉన్న రోజులు నా లెక్కలోకి రావు. అవి నీవి కావు, ఆ పూసలవి. దాన్ని ఇప్పుడే తీసెయ్యి. ఒట్టి మెడతో ఆ ఊళ్ళో నిలబడి చూపించు. అప్పుడే నీ మాట నమ్ముతాను. లేదంటే ఉగాది సంగతి మరిచిపో. అక్కకు ఈ భజన గొడవ చెప్పలేదు, చెప్పను కూడా.

చెంచయ్య


చింతలపాలెం,
14 డిసెంబరు 1986

చెంచయ్యకు,

కోపంలోనైనా నన్ను "నువ్వు" అన్నావు. ఆ గారు నన్ను చంపుతూ ఉండేది.

మాల తీసేశాను. ఇరవై మూడో రోజు. మాస్టారు నడిమధ్యలో తియ్యకూడదన్నారు. "ఇంట్లో ఎవరైనా పోతే తప్ప తియ్యడమన్నది లేదు స్వామీ. ఎవరైనా పోయారా?" అన్నారు. పెద్దాయన నమ్మకంగా అడుగుతుంటే, బసవమ్మ రావాలంటే తియ్యాలి అని చెప్పలేకపోయాను. పోయారన్నాను. ఎవరు అన్నారు. నోటికి నువ్వే వచ్చావు. "నా బామ్మర్ది" అన్నాను. ఏమనుకోకు.

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని తన చేత్తో తీశారు. పాతికేళ్ళన్నా లేవే, ఎట్లా పోయాడు అని అందరూ అడిగారు. గుండె ఆగిందన్నాను. అంత చిన్నవాడికా అన్నారు. మనిషి మహా కోపిష్టి అన్నాను. నమ్మారు. చావుకు వెళ్ళకపోతే బాగుండదు గదా, పొద్దున బస్సెక్కి సత్తెనపల్లి బస్టాండులో సాయంత్రం దాకా కూచుని తిరిగొచ్చాను. నిజంగానే చావు చూసొచ్చినట్టు ఉన్నానట, ఇమ్మానియేలు పెళ్ళాం కాళ్ళకు నీళ్ళిచ్చింది.

చావింటికి పోయొచ్చినవాణ్ణి, భజనకు వెళ్ళకూడదు. అదీ పోయింది.

బుల్లయ్య పరామర్శకు వచ్చాడు. నీకు తెలుసుగా, మన వాళ్ళల్లో చావు చూసొచ్చినవాడికి ఒంటి నొప్పులు తీరాలని తాగిస్తారు. మంచి మనసుతోనే తెచ్చాడు. సారా ప్యాకెట్టు అరుగు మీద పెట్టి, నా భుజం మీద చెయ్యేసి కాసేపు కూచుని వెళ్ళాడు.

ఇప్పుడు నా మెడ ఒట్టిదే.

ఆదెయ్య


గుంటూరు,
22 డిసెంబరు 1986

బావా,

గెలిచావు! నేను చచ్చిపోయిన వార్త చదివి ప్రెస్సులో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మా ప్రొప్రైటరు "చచ్చినవాడివి ఓవర్‌టైం చేస్తావా?" అని ఏడిపిస్తున్నాడు. పరవాలేదు. ఒక మూఢనమ్మకం తెగడానికి నేను ఒకసారి చావడం పెద్ద త్యాగం కాదు. ఇక మూడు నెలలే. ఉగాదికి అక్కకు కొత్త చీర కొనే పని నాది.

ఒక్కటి. బుల్లయ్య తెచ్చిన ప్యాకెట్టు ఏం చేశావో రాయలేదు. పారబోసే ఉంటావు. ఎలా పారబోశావో వివరంగా రాయి. కరపత్రంలో వేద్దాం.

చెంచయ్య


చింతలపాలెం,
8 ఫిబ్రవరి 1987

చెంచయ్యకు,

తాగాను.

ఆ రోజే తాగాను. బుల్లయ్య వీధి మలుపు తిరిగేదాకా ఆగాను, అంతే. మర్నాడు ఇంకొకడొచ్చాడు, వాడూ తెచ్చాడు. నువ్వు పోయిన పదకొండు రోజులూ నా అరుగు నిండా మనుషులే. సాయంత్రం ఆరయ్యేసరికి ఎవరో ఒకరు వచ్చి కూచునేవాళ్ళు. నువ్వు మంచివాడివని చెప్పాను. చిన్నప్పుడు నా భుజాలెక్కి పీర్ల పండగ చూశావని చెప్పాను. తాగి ఏడ్చాను. దేనికి ఏడ్చానో నాకు తెలియదు, నువ్వు బతికే ఉన్నావని తెలుసు గదా.

తర్వాత పరామర్శలు ఆగిపోయాయి. తాగుడు ఆగలేదు. జనవరి అంతా అదే పని. పత్తి చెట్టు మీదే పగిలి నేల రాలింది. మిరప పండి ఎర్రగా నిలబడి ఉంది, కోతకు కూలీలను పిలవడానికి నేను నా స్పృహలో లేను. ఒకరోజు ఎవరి కల్లంలోనో ఎండబెట్టిన కాయల మీద పడి నిద్రపోయాను. లేచేసరికి మొహమంతా వాచి కళ్ళు తెరుచుకోలేదు. గుడ్డివాణ్ణయ్యాననుకున్నాను. ఆ పూట నుంచి మళ్ళీ మానాను. ఇవాళ్టికి తొమ్మిది రోజులు.

నువ్వు చూడలేదు, నీకు ఎవరూ చెప్పరు. పారబోశానని రాస్తే ఉగాదికి వాళ్ళు వచ్చేవాళ్ళు. రెండుసార్లు అలాగే రాసి చించేశాను. పాపకు గ్లాసు ఇచ్చిన చెయ్యి ఇది. దీనితో ఇంకో అబద్ధం రాయలేను. ఉగాదికి వాళ్ళను తీసుకురావద్దు.

ఆదెయ్య


గుంటూరు,
20 ఫిబ్రవరి 1987

బావా,

నీ ఉత్తరానికి మూడు జవాబులు రాశాను. మొదటిదాంట్లో ఇక నీ మొహం చూడనన్నాను. చించాను. రెండోది క్షమాపణ. చదువుకుంటే అచ్చం మా కరపత్రంలాగే ఉంది, ఆశ్చర్యార్థకాలతో సహా. అదీ చించాను. ఇది మూడోది.

నేను దేవుణ్ణి నమ్మను. ఇప్పటికీ నమ్మను. కానీ ఆరింటికి నీకో చోటు దొరికింది. దాన్ని నేను పీకేశాను. పీకి దాని స్థానంలో ఏం పెట్టాను? ఏమీ పెట్టలేదు. ఒట్టి మెడ అన్నాను. ఆ మాట రాసినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇంకో సంగతి. గుంటూరులో ఇన్ని సభలకు వెళ్తాను, ఇంతమందికి ఉపన్యాసాలిస్తాను. నేను పోయానంటే పదకొండు రోజులు వచ్చి కూర్చునే మనుషులు నాకు ఇక్కడ ఎవరున్నారా అని లెక్కపెట్టాను. ఇద్దరు దాకా వచ్చి ఆగాను.

నాకు ఆదివారం సెలవు. నువ్వు రమ్మని రాస్తే, శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఐదున్నరకు మీ ఊళ్ళో దిగుతాను. నీతో కూర్చుంటాను. కరపత్రాలు తేను.

చెంచయ్య


చింతలపాలెం,
15 మార్చి 1987

చెంచయ్యకు,

వస్తానన్నావు. ఎట్లా వస్తావు? నువ్వు ఈ ఊళ్ళో చచ్చిపోయావు. నిన్ను చూస్తే నా అబద్ధం ఊరంతటికీ తెలుస్తుంది. వద్దని రాద్దామని కార్డు కొన్నాను. నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఐదో రోజు వెళ్ళి మాస్టారికి నిజం చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కుర్రాడి పేరు చెప్పి స్వాములంతా సన్నిధానంలో కొబ్బరికాయ కొట్టారు ఆదెయ్యా" అన్నారు. తర్వాత, "మళ్ళీ కార్తీకానికి రావద్దని నేననను. వస్తే నీ పక్కన ఎవరూ కూచోరు. అది నా చేతిలో లేదు" అన్నారు.

బుల్లయ్య మాత్రం ఊరుకోలేదు. కొట్టు దగ్గర్నుంచి నా ఇంటి దాకా తిట్టుకుంటూ వచ్చాడు. "నన్ను తాగుబోతు వెధవన్న నీ బామ్మర్ది కోసం ఏడ్చాన్రా నేను! నిజం ఏడుపు ఏడ్చాన్రా! ఏరా, నా ఏడుపు నీకు ఆటగా ఉందా?" అన్నాడు. తాగి ఉన్నాడు, అయినా వాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఇక నా గడప తొక్కనన్నాడు. ఇమ్మానియేలు తల తిప్పుకుని పోతున్నాడు. అటు భజన లేదు, ఇటు కొట్టు లేదు.

తాగక నలభై నాలుగు రోజులు. ఇక నువ్వు రావచ్చు. దాచడానికి ఏమీ మిగల్లేదు.

ఆదెయ్య


గుంటూరు,
1 ఏప్రిల్ 1987

బావా,

క్షేమంగా చేరాను.

ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఎంత పొడుగో నాకు మొన్న మీ అరుగు మీద కూర్చున్నాక తెలిసింది. ఏడింటికల్లా నా దగ్గర మాటలు అయిపోయాయి. నేను చేతిగడియారం చూశాను. నేను చూడటం నువ్వు చూశావు. చచ్చినవాణ్ణి చూడ్డానికి వీధి చివరిదాకా వచ్చి వెళ్ళినవాళ్ళే గానీ అరుగెక్కినవాళ్ళు లేరు. ఆ బుల్లయ్య దారిలోనే నిలబడి "చచ్చినోడికి చొక్కా బాగుందిరోయ్" అని వెళ్ళిపోయాడే, అది తిట్టో పలకరింపో నాకు ఇంకా తేలలేదు. నువ్వు నవ్వావు. నువ్వు తాగకుండా నవ్వడం నేను చూసినట్టు గుర్తు లేదు.

ఉగాది నాడు అక్కను కూర్చోబెట్టి నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచీ చదివాను. బస్సు స్టేజీ, మాల, నా చావు, అన్నీ. నావి కూడా చదువు అంది. వాటికి నా దగ్గర నకళ్ళు లేవు, గుర్తున్నంత మేరకు చెప్పాను. మాల తీసెయ్యమన్న ఉత్తరం దగ్గర ఆమె లేచి వెళ్ళి పొయ్యి కింద మంట సర్ది వచ్చింది. "ఉగాది అని గడువు పెట్టింది నువ్వు. నన్నడిగావా?" అంది. నేను అడగలేదు బావా. ఏడాదిగా ఆమె నా ఇంట్లో ఉంటోంది, ఒక్కసారి కూడా అడగలేదు.

ఎప్పుడు వస్తావక్కా అని ఇప్పటికి అడిగాను. తెలియదంది. వస్తానో రానో కూడా తెలియదంది. కోపంగా అనలేదు. నీకు ఆశ పెట్టడానికి నేను ఇంకేమీ కలపను, తగ్గించను.

శనివారం వస్తాను. ఇక మీదట ఉత్తరాలు ఆమె పేరున రాయి. నన్ను తిట్టాల్సి వచ్చినా అందులోనే తిట్టు, ఒక్క ముక్క వదలకుండా చదివి పెడతాను. నీకు రాయమని ఆమె చెప్పిన మాట ఇది, చెప్పింది చెప్పినట్టు:

"తాగిన రోజు తాగానని రాయమను. తాగని రోజులు నేను లెక్కపెట్టుకుంటాను."

చెంచయ్య